పారిస్ ఓతెల్ లాంబెర్: రక్షిత భవనంలో ఏం పోయింది?

పారిస్ నడిబొడ్డున, సేన్ నదిలోని సాన్-లూయీ ద్వీపం తూర్పు కొసన ఓతెల్ లాంబెర్ అనే పాత మేడ ఉంది. 1640ల మొదట్లో లాంబెర్ అనే ధనికుడి కోసం వాస్తుశిల్పి లూయీ ల వో దీన్ని కట్టాడు. తర్వాత వెర్సాయ్ రాజభవనం పనులు కూడా ఆయన చేతికే వచ్చాయి. లోపలి బొమ్మలు షార్ల్ ల బ్రన్, ఉస్తాష్ ల స్యూర్ వేశారు.

మేడ చాలా చేతులు మారింది. 18వ శతాబ్దంలో కొన్నాళ్లు ఎమిలీ దు షాత్లే కుటుంబానిది. న్యూటన్ గ్రంథాన్ని ఫ్రెంచ్‌లోకి తెచ్చింది ఆవిడే. 1843లో పోలండ్ ప్రవాసి ప్రిన్స్ చార్టొరిస్కీ కొన్నాక, ఆయన చుట్టూ చేరిన రాజకీయ వర్గానికే ఈ ఇంటి పేరు పడింది. 1862లోనే ఇది చారిత్రక కట్టడాల జాబితాకెక్కింది. 1975లో రోత్‌షీల్డ్ కుటుంబానికి వెళ్లింది.

2007లో ఖతార్ రాజకుటుంబం దీన్ని కొనడంతో గొడవ మొదలైంది. లిఫ్టులు, ఏసీ, భూగర్భంలో కార్ పార్కింగ్ కావాలన్నారు. ఫ్రాన్స్‌లో 1913 చట్టం నుంచి వస్తున్న నిబంధనల ప్రకారం ఇలాంటి భవనంలో ఏ మార్పు చేయాలన్నా, సొంతదారుకైనా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. 2009లో సాంస్కృతిక శాఖ ఆ అనుమతి ఇచ్చేసింది. అభ్యంతరం వచ్చిందే ఇక్కడ. పాత పారిస్ పరిరక్షణ కోసం పనిచేసే ఒక సంఘం కోర్టుకెళ్లింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో పనులు ఆగాయి. 2010 జనవరిలో రాజీ కుదిరి, ప్లాన్ సవరించుకున్నారు. నా ఉద్దేశంలో ఆ సంఘం చేసింది ముమ్మాటికీ సరైన పని. కాపాడాల్సిన శాఖే సంతకం పెట్టేస్తే, అడగడానికి ఊరివాళ్లు తప్ప ఇంకెవరున్నారు?

ఇంత పోరాడాక, 2013 జూలై 9 అర్ధరాత్రి దాటాక, మరమ్మతులు జరుగుతున్న ఆ మేడకి నిప్పంటుకుంది. పైకప్పులో చాలా భాగం పోయింది. ల బ్రన్ బొమ్మలున్న హెర్క్యులిస్ గ్యాలరీ పొగ, నీళ్ల దెబ్బ తిన్నా నిలిచింది. ల స్యూర్ చిత్రాలున్న స్నానాల గది మాత్రం బూడిదైంది. ఇదే మేడలోని ఇంకో రెండు గదులకు ఆయన వేసిన బొమ్మల్ని 1776లో రాజు 16వ లూయీ కొన్నాడు. అవి ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. గోడను వదలని బొమ్మలే కాలిపోయాయి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పాత కట్టడాలకు మరమ్మతుల కాలం ఎంత గండమో 2019లో పక్క ద్వీపంలోని నోత్రదామ్ చర్చి కూడా చూపించింది. అక్కడా పనులు సాగుతుండగానే కప్పు కాలింది. పార్కింగ్ గురించి పెట్టినంత పట్టు, పని జరిగే చోట రాత్రి కాపలా గురించి, కరెంటు తీగల గురించి కూడా పెట్టాలి. అనుమతి కాగితంలోనే ఆ షరతులు ఉండాలి.

పునరుద్ధరణ పూర్తయ్యాక, 2022లో టెలికాం వ్యాపారి జేవియే నీల్ ఈ మేడ కొన్నాడు. లోపలి ఫర్నిచర్, కళాఖండాలు వేలానికి వెళ్లాయి. ఎవరు కొన్నా రక్షిత భవనం షరతులు దానితోపాటే వస్తాయి కాబట్టి, గోడల బాధ్యత ఇప్పుడు కొత్త యజమానిది.