"ఏం పెట్టాలె అన్నా?": పర్సనాలిటీ టెస్టుల వెనక వందేళ్ల గొడవ

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో మా చిన్నాయన కొడుకు ఆన్‌లైన్ పరీక్ష రాస్తుంటే పక్కన కూర్చున్నాను. లెక్కలు, ఇంగ్లీషు గట్టెక్కాయి, చివర్లో మనిషి స్వభావాన్ని కొలిచే పర్సనాలిటీ టెస్టు, వరసగా వాక్యాలు మొదలయ్యాయి. 'నేను ఎప్పుడూ ఎవరి మీదా కోప్పడలేదు' అని ఒకటి. కింద ఐదు గడులు, పూర్తిగా ఒప్పుకుంటాను నుంచి అస్సలు ఒప్పుకోను దాకా. వాడు మౌస్ మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. "ఏం పెట్టాలె అన్నా? పొద్దుగాలనే అమ్మ మీద ఒర్లి వచ్చిన." ఉన్నది ఉన్నట్టు పెట్టు అన్నాను, పెట్టాడు. పక్క సిస్టం మీద వాడి దోస్తు ఏ గడి బాగుంటుందో చూసుకుని టకటకా నొక్కుకుంటూ పోయాడు. తర్వాతి వారం ఇంటర్వ్యూ మెయిల్ దోస్తుకే వచ్చింది. ఈ టెస్టు వల్లే అని నేను ప్రమాణం చేసి చెప్పలేను, కంపెనీ కారణం చెప్పలేదు. కానీ నేనిచ్చిన సలహా నన్ను నిద్రపోనివ్వలేదు, అందుకే దీని పుట్టుక ఏమిటో చదవడం మొదలుపెట్టాను.

మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. ఫిరంగుల మోతకు మనసు చెదిరిపోయే సైనికులను ముందే గుర్తుపట్టాలని, కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ రాబర్ట్ ఉడ్‌వర్త్ అమెరికా సైన్యం కోసం 116 ప్రశ్నలు తయారుచేశాడు. అవును, కాదు, అంతే. అవి సిద్ధమయ్యేలోపు యుద్ధమే అయిపోయింది, పద్ధతి మాత్రం మిగిలింది, మెల్లగా ఉద్యోగాల ఎంపికలోకి వచ్చేసింది. డాక్టరు దగ్గర నొప్పి దాచుకుంటే నష్టం దాచినవాడికే. ఉద్యోగానికి పోయినచోట అదే మనిషికి దాచకపోతే నష్టం. ప్రశ్న ఒకటే అయినా అడిగే చోటు మారగానే జవాబు మారుతుంది, ముడి పడింది ఇక్కడే.

తయారుచేసినవాళ్లకు ఈ సంగతి మొదట్నుంచీ తెలుసు. మిన్నెసోటా యూనివర్సిటీలో స్టార్క్ హాథవే, మెకిన్లీ కలిసి 1940ల్లో ఎంఎంపీఐ అనే పెద్ద ప్రశ్నావళి తెచ్చారు, ఐదు వందలకు పైగా వాక్యాలు. మధ్యమధ్యలో 15 వాక్యాలు వల లాగా పరిచారు. అందరికీ ఉండే చిన్నచిన్న లోపాలే అవి, అప్పుడప్పుడు కోపం రావడం, పేపర్లో సంపాదకీయం రోజూ చదవకపోవడం లాంటివి. ఇవేవీ నాకు లేవు అని వరసగా పెట్టుకుంటూ పోతే అనుమానించాలి, అదీ లెక్క. దీనికి దొరకని తెలివైనవాళ్ల కోసం 1946లో ఇంకో 30 వాక్యాల స్కేలు కట్టారు. కోపం గురించి మావాణ్ణి ఆపేసిన వాక్యానికి చుట్టరికం వీటితోనే అని నా నమ్మకం.

నాకు బాధ కలిగించేది ఈ వల గుణం. కట్టుబాట్లతో, భక్తితో పెరిగినవాళ్లకూ పెద్దగా చదువు అందనివాళ్లకూ ఈ 15 వాక్యాల్లో మార్కులు, అంటే అనుమానం పెంచే మార్కులు, ఎక్కువ వస్తాయని దీన్ని వాడే సైకాలజిస్టులే చెబుతారు. దేవరకొండ దిక్కు ఊళ్లలో 'నేను ఎవరికీ చెడు తలపెట్టలేదు' అనే పెద్దమ్మను నేను ఎరుగుదును, ఆమె నిజంగానే తలపెట్టలేదు. ఆమె మాటనూ, ఉద్యోగం కోసం అదే మాట అన్నవాడి మాటనూ ఆ స్కేలు ఒకే గాటన కడుతుంది. తెలిసి ఎదుటివాళ్లను మోసం చేయడం వేరు, తన గురించి తానే మంచిగా నమ్మడం వేరు అని డెల్రాయ్ పాల్‌హస్ అనే సైకాలజిస్టు 1984లో విడదీసి చూపాడు.

ఈలోపు తప్పించుకునే దారులూ పుట్టాయి. విలియం వైట్ అనే రచయిత 1956లో అమెరికా కంపెనీ ఉద్యోగుల మీద రాసిన పుస్తకం చివర, ఈ టెస్టుల్లో ఎలా మోసం చేయాలో ఒక అనుబంధమే పెట్టాడు. నలుగురూ ఏం చెబుతారో అదే చెప్పు, మరీ ప్రత్యేకంగా కనపడకు, దాని సారం ఇది. ఇప్పుడు యూట్యూబ్‌లో పొలగాళ్లు చూసే వీడియోల్లో ఉండేదీ దాదాపు అదే.

అటువైపు ఆలన్ ఎడ్వర్డ్స్ అనే సైకాలజిస్టు 1950ల్లో మంచి గడి అనేదే లేకుండా చేయాలని చూశాడు. 225 జతలు ఇచ్చి, వినడానికి సమానంగా మంచివైన రెండు మాటల్లో ఒకటి ఎంచుకోమన్నాడు. ఆలోచన నాకు నచ్చింది, చిక్కు ఏంటంటే జొన్నరొట్టె ఇష్టమా సజ్జరొట్టె ఇష్టమా అని అడిగితే నీ ఇష్టం తెలుస్తుంది గానీ, నీకూ పక్కవాడికీ ఎవరికి ఎక్కువ ఆకలి ఉందో తెలియదు. ఉద్యోగం ఇచ్చేవాడికి కావలసింది ఆ రెండోదే.

1965లో ఒక పెద్ద సమీక్ష వచ్చి, ఉద్యోగాల ఎంపికకు పర్సనాలిటీ టెస్టులను గట్టిగా సిఫారసు చేయలేమంది, జోరు తగ్గింది. 1988లో అమెరికా చాలావరకు ప్రైవేటు ఉద్యోగాల్లో లై డిటెక్టర్‌ను నిషేధించాక నిజాయితీని కొలిచే కాగితం పరీక్షలకు గిరాకీ పెరిగింది. 1991లో బారిక్, మౌంట్ అనే ఇద్దరు పాత పరిశోధనలన్నీ కలిపి లెక్కగట్టి, పనిలో శ్రద్ధ, క్రమశిక్షణ అనే గుణం దాదాపు అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనితీరును కొంత ముందే చెబుతుందన్నారు. దాంతో టెస్టులకు మళ్లీ ఊపొచ్చింది.

నటన వల్ల ఫలితమేమీ పాడవదని వాదించేవాళ్లు తక్కువేం లేరు. 2007లో హోగన్ బృందం, ఒకసారి తిరస్కరించిన ఐదు వేల మందికి పైగా అభ్యర్థులు ఆరు నెలల తర్వాత మళ్లీ రాస్తే, చాలా కొద్దిమంది మార్కులే మారాయని చూపింది. వాళ్ల లెక్కను నేను కాదనను. కానీ వెయ్యిమంది రాసి పదిమందిని తీసుకునే చోట, పైన పేరుకునేది గొప్పలు పెట్టుకున్నవాళ్లే అయితే ఆ కొద్దిమందే చాలు, మావాడి లాంటివాడి కుర్చీ పోవడానికి.

ఇప్పుడు కొన్ని కంపెనీలు చేసేది ముందే ఒక హెచ్చరిక పెట్టడం, నటిస్తే పట్టుకునే ఏర్పాటు ఉంది, పట్టుబడితే పక్కన పెడతాం అని. దాంతో గొప్పలు కాస్త తగ్గుతాయని పరిశోధనలు ఉన్నాయి. ఆ రోజు మా తెరమీదా అది వచ్చింది, ఇంగ్లీషులో, నాలుగు లైన్లు. తెలుగు మీడియంలో చదివిన మావాడు ఒక్కో మాటా నన్ను అడిగి తెలుసుకుని, టెన్షన్ పడి, పరీక్ష అయిపోయేదాకా దాన్ని మనసులో పెట్టుకున్నాడు. వాడి దోస్తు మాత్రం అది తెరమీదికి రాగానే నెక్స్ట్ నొక్కేశాడు.