మినిస్టరంటే మంత్రి కాదు: గ్రేఫ్రయర్స్ చర్చి కాపరుల కథ

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో స్కాట్లండులోని ఒక పాత చర్చి సంగతి చెబుతూ “అక్కడి మినిస్టర్లు” అని నేనంటే, చర్చికి మంత్రులెందుకు తాతయ్యా అని మీరందరూ నవ్వారు. అది ఫోనులో తేలే విషయం కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను. స్కాట్లండులోని ప్రెస్బిటేరియన్ సంఘంలో ఆదివారం ప్రసంగం చేసి, పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చి, పెళ్లిళ్లు జరిపించి, చావు జరిగిన ఇంటికి వెళ్లి ప్రార్థన చేసే వ్యక్తిని మినిస్టర్ అంటారు. మన ఊళ్లలో పాస్టరుగారనీ, సంఘకాపరి అనీ పిలిచేది అటువంటి వారినే. వాళ్లకు బిషప్పులు ఉండరు. ఊరి సంఘాన్ని పెద్దలు చూసుకుంటారు, ఆ ప్రాంతపు సంఘాలన్నిటికీ కలిపి ప్రెస్బిటరీ అనే సభ ఉంటుంది, అన్నిటికీ పైన ఏటా ఒకసారి జనరల్ అసెంబ్లీ కూడుతుంది. మన మఠాల్లో పీఠాధిపతి తన ఉత్తరాధికారిని తానే నిర్ణయించినట్టు అక్కడి కాపరి నిర్ణయించలేడు. మరి ఎవరు నిర్ణయించాలి? ఈ ఒక్క ప్రశ్న మీద స్కాట్లండులో నూటయాభై ఏళ్లకు పైగా తగువు నడిచింది.

ఆ తగువును ఎడిన్‌బరా నగరంలోని గ్రేఫ్రయర్స్ చర్చిలో చూస్తే బాగా అర్థమవుతుంది. బూడిదరంగు అంగీలు తొడిగే ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠం ఒకప్పుడు అక్కడ ఉండేది. ఆ స్థలాన్ని స్కాట్లండు రాణి మేరీ 1562లో ఊరి శ్మశానానికి ఇచ్చింది. అందులో కట్టిన చర్చి 1620లో తెరుచుకుంది. రాజు ఇంగ్లండు పద్ధతి ప్రార్థనల పుస్తకాన్ని తమ నెత్తిన రుద్దుతున్నాడని మండిపడ్డ జనం 1638 ఫిబ్రవరి 28న ఒడంబడిక పత్రం మీద సంతకాలు మొదలుపెట్టింది ఈ చర్చిలోనే. ఈ ముక్క గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది. నగరపాలకులు చర్చి గోపురంలో నిలవచేసిన తుపాకిమందు 1718లో పేలి పడమటి భాగం ధ్వంసమైంది. (ప్రార్థనాలయంలో తుపాకిమందు దాచాలన్న ఆలోచన ఏ బుద్ధిమంతుడికి వచ్చిందో!) బాగు చేసేటప్పుడు మధ్యలో గోడ కట్టి, పడమటి వైపు మరో చర్చిని నిలిపారు. దాంతో ఒకే కప్పు కింద పాత గ్రేఫ్రయర్స్, కొత్త గ్రేఫ్రయర్స్ అని రెండు సంఘాలు, ఒక్కో సంఘానికి ఇద్దరేసి కాపరులతో వేరు వేరు వరుసలు ఏర్పడ్డాయి.

పార్లమెంటు 1712లో చేసిన చట్టం ప్రకారం కాపరిని నియమించే హక్కు పోషకుడిది, అంటే చాలా ఊళ్లలో అక్కడి భూస్వామిది, ఎడిన్‌బరాలో నగర సభది. ఆ హక్కుతోనే విలియం రాబర్ట్‌సన్ 1761లో పాత గ్రేఫ్రయర్స్‌కు వచ్చారు, జాన్ ఎర్‌స్కిన్ 1767లో గోడకు అటువైపున్న కొత్త గ్రేఫ్రయర్స్ నుంచి ఇటు మారారు. ఇద్దరూ 1721లోనే పుట్టారు, ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో కలిసి చదివారు. విద్యార్థులుగా ఉన్నప్పుడే జార్జ్ వైట్‌ఫీల్డ్ అనే ఇంగ్లండు ప్రసంగీకుడి విషయంలో చెరో పక్షం పట్టారు, ఆ గొడవతో వాళ్ల చర్చావేదికే మూతపడింది. అటువంటి ఇద్దరికి ఒకే ప్రసంగపీఠం దక్కింది. ఆదివారం ఒక పూట ఒకరు, ఇంకో పూట మరొకరు ఎక్కేవారు.

భూస్వామి పంపిన మనిషి వద్దని సంఘం మొరపెట్టుకున్నా సరే, చట్టం చట్టమే అన్న పక్షానికి రాబర్ట్‌సన్ నాయకుడు. సంఘం మాటకు విలువ ఉండాలనే పక్షానికి ఎర్‌స్కిన్ నాయకుడు. నాకైతే ఎర్‌స్కిన్ మాటే న్యాయంగా తోస్తుంది, కానీ మనసు రాబర్ట్‌సన్ వైపు కూడా లాగుతుంది, ఎందుకంటే ఆయన గొప్ప చరిత్రకారుడు, పైగా మన దేశాన్ని ఎన్నడూ చూడకపోయినా ప్రాచీనులకు భారతదేశం గురించి తెలిసిన సంగతులపై 1791లో ఒక గ్రంథం రాసి, ఇక్కడి ధర్మశాస్త్రాలూ కళలూ ఎంత పాతవో చూపించి, యూరపు వాళ్లు ఈ ప్రజలను గౌరవంగా చూడాలని కోరారు. ఎర్‌స్కిన్ దృష్టి వేరు. ఇతర దేశాలకు మిషనరీలను పంపాలా వద్దా అని 1796లో జనరల్ అసెంబ్లీ చర్చించింది. ముందు నాగరికత రావాలి, సువార్త ఆ తర్వాతేనని ఒక సభ్యుడు వాదిస్తుండగా, డెబ్బైయేళ్లు దాటిన ఈ పెద్దాయన లేచి, “అధ్యక్షా, ఆ బైబిలు ఇలా అందించండి” అని అడిగి, వాక్యం చదివి వినిపించి బదులు చెప్పారు. ఆ రోజు ఆయన పక్షం ఓడింది. అదే చర్చి 1830 నాటికి అలెగ్జాండర్ డఫ్ అనే మిషనరీని కలకత్తాకు పంపించింది.

ఇన్ని విభేదాలున్నా ఇరవై ఆరేళ్లు ఇద్దరూ ఒక్క సంఘాన్ని కలిసి కాశారు. రాబర్ట్‌సన్ 1793లో కన్నుమూస్తే, ఆయన గొప్పతనాన్ని చెబుతూ ప్రసంగించింది ఎర్‌స్కినే. 1803లో ఆయన కూడా పోయారు. ఇద్దరి సమాధులూ ఆ చర్చి ఆవరణలోనే ఉన్నాయి.

నియామకాల తగువు 1843లో బద్దలైంది. 450 మందికి పైగా కాపరులు జీతాలు, ఇళ్లు వదులుకొని బయటికి నడిచి వేరే సంఘం పెట్టుకున్నారు. అంతకుముందు కొన్నేళ్లు పాత గ్రేఫ్రయర్స్‌లో పనిచేసిన థామస్ గత్రీ కూడా వారిలో ఉన్నారు. వీధి పిల్లలకు అన్నం పెట్టి చదువు చెప్పే బడుల కోసం పాటుపడింది ఆయనే.

ఆ ఏడాదే పాత గ్రేఫ్రయర్స్‌కు కాపరిగా వచ్చిన రాబర్ట్ లీ కథ మీకు నచ్చుతుంది. అప్పటిదాకా స్కాట్లండులో ప్రార్థనకు నిలబడి, కీర్తనలకు కూర్చునేవారు. లీ దాన్ని తలకిందులు చేసి, ప్రార్థనకు మోకాళ్లూని, పాడేటప్పుడు లేచి నిలబడమన్నారు. రాసిపెట్టుకున్న ప్రార్థనలు చదివారు. 1863లో హార్మోనియం పెట్టించారు, 1865లో పెద్ద ఆర్గానే వచ్చింది. మన భజనల్లో, మన చర్చిల్లో ఎవరూ వింతగా చూడని హార్మోనియం అక్కడ పెద్ద దుమారం రేపింది. ప్రార్థనల పుస్తకం వద్దని 1638లో సంతకాలు జరిగిన చోటే ఇది జరుగుతుంటే పెద్దలు ఊరుకుంటారా? అసెంబ్లీలో ఏళ్ల తరబడి విచారణలు నడిచాయి. 1867లో పక్షవాతం వచ్చి, మరుసటి ఏడు లీ మరణించడంతో అది అక్కడే ఆగిపోయింది. ఆర్గాన్ మాత్రం ఉండిపోయింది.

లీ తర్వాత వచ్చిన రాబర్ట్ వాలెస్ 1876లో కాపరి పని మానేసి ‘స్కాట్స్‌మన్’ పత్రికకు సంపాదకుడయ్యారు, ఆపైన న్యాయవాది, ఆపైన పార్లమెంటు సభ్యుడు. ఆయన స్థానంలోకి వచ్చిన జాన్ గ్లాస్ సోషలిస్టు.

పోషకుల హక్కును 1874లో చట్టమే రద్దు చేసింది. ఇప్పుడు స్థానం ఖాళీ అయితే సంఘం తనవారిలోంచి కొందరిని కమిటీగా ఎన్నుకుంటుంది. ఆ కమిటీ వెతికి ఒక్కరినే ప్రతిపాదిస్తుంది. ఆ వ్యక్తి, ఆడైనా మగైనా, వచ్చి ఒక ఆదివారం ఆరాధన నడిపి ప్రసంగిస్తారు. ఆరాధన ముగిశాక సభ్యులు ఓటు వేస్తారు, ఒప్పుకుంటే ప్రెస్బిటరీ వచ్చి పదవిలో కూర్చోబెడుతుంది. రెండు గ్రేఫ్రయర్స్ సంఘాలూ 1929లో ఒక్కటయ్యాయి. ఆ తర్వాత కొన్నేళ్లకు మధ్య గోడ కూల్చేశారు. అప్పటినుంచి అక్కడ కాపరుల వరుస ఒక్కటే.

మీ తాతయ్య