ఆర్లింగ్టన్ వేదిక మీదికి పార్టీ మాట ఎలా వచ్చింది?

ఏటా మే నెలాఖరున, యుద్ధాల్లో చనిపోయిన సైనికులను అమెరికా తలచుకునే మెమోరియల్ డేకి ముందు, వాషింగ్టన్ పక్కనున్న ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనికులు ఒక్కో సమాధిరాయికి అడుగు దూరంలో చిన్న జెండా గుచ్చుతారు. అలా 2,60,000కు పైగా రాళ్లు. మెమోరియల్ డే నాడు అధ్యక్షుడు అనామక సైనికుడి సమాధి దగ్గర పుష్పచక్రం ఉంచి, పక్కనే ఉన్న వేదికపై మాట్లాడతారు. 2025 మే 26న అక్కడే డొనాల్డ్ ట్రంప్ అమరులకు నివాళి అర్పిస్తూనే తనకు ముందున్న డెమోక్రాట్ జో బైడెన్ నాలుగేళ్ల పాలనను ఎత్తిపొడిచారు. ప్రపంచకప్ ఫుట్‌బాల్, ఒలింపిక్స్ తన హయాంలోకి రావడం గురించీ చెప్పుకున్నారు.

ఇది ఈనాటి జబ్బు కాదు. మెమోరియల్ డేకి నాంది పలుకుతూ, మే 30న సమాధులపై పూలుంచమని 1868 మే 5న ఉత్తర్వు ఇచ్చిన జాన్ లోగన్, అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది తరఫున పోరాడిన మాజీ సైనికుల సంఘానికి అధిపతి. రిపబ్లికన్ నాయకుడు కూడా. 1884లో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేశారు. అంతర్యుద్ధ మృతులను గుర్తుచేసి ఓట్లడగడాన్ని ఆ రోజుల్లో ‘నెత్తుటి చొక్కా ఊపడం’ అనేవారు.

1871లో అధ్యక్షుడు గ్రాంట్ సమక్షంలో ఫ్రెడరిక్ డగ్లస్ ఇక్కడే మాట్లాడారు. దేశాన్ని చీల్చబోయినవాళ్లనూ కాపాడినవాళ్లనూ ఒకే గాటన కట్టలేమన్నారు. బానిసత్వం నుంచి తప్పించుకు వచ్చిన మనిషి ఆ మాట అంటే దాన్ని పార్టీ ప్రసంగం అనడం అన్యాయం. సైనికుడు దేనికోసం చనిపోయాడో చెప్పడం నివాళిలో భాగమే.

1902 మే 30న అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్, రిపబ్లికన్, ఇక్కడ చేసింది వేరు. ఫిలిప్పీన్స్‌లో అమెరికా సైన్యం క్రూరత్వంపై సెనేట్ కమిటీ విచారణ నడుస్తోంది, డెమోక్రాట్లు దుమ్మెత్తిపోస్తున్నారు. మాజీ సైనికుల ముందు నిలబడి ఆయన ఆ విమర్శకులకు బదులిచ్చారు. స్వదేశంలో జరుగుతున్న మూకహత్యలు అంతకంటే ఘోరమన్నారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఆ హత్యలు ఎక్కువగా జరిగేది దక్షిణాదిలో, కాబట్టి గురి అక్కడి డెమోక్రాట్ల మీద. వాళ్లు భగ్గుమన్నారు.

ప్రసంగం దారి తప్పేది ఇలాంటి చోటే. చనిపోయినవారి గురించి మొదలైన వాక్యం బతికున్న ప్రత్యర్థి దగ్గర ముగుస్తుంది. 1984 మే 28న, ఎన్నికల ఏడాదిలోనే, వియత్నాం యుద్ధపు అనామక సైనికుణ్ని ఖననం చేస్తూ అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ ఆచూకీ లేనివారి కుటుంబాలతో మాట్లాడారు, వెతుకులాట ఆగదని మాటిచ్చారు. అమెరికాను అంతగా చీల్చిన యుద్ధం విషయంలోనూ ప్రత్యర్థుల ఊసెత్తని నివాళి సాధ్యపడింది.

సైనిక శ్మశానాల్లో ఎన్నికల ప్రచారాన్ని చట్టం నిషేధిస్తుంది. అధ్యక్షుడి అధికారిక ప్రసంగంలో ఏ వాక్యం ఉండకూడదో మాత్రం అది చెప్పదు.