అటు బాకూ, ఇటు యెరెవాన్: నాటో ముప్పై ఏళ్ల తూకం

నెల్లూరులో, ఒంగోలులో విదేశీ ఎంబీబీఎస్ కన్సల్టెన్సీల బోర్డుల మీద యెరెవాన్ (అర్మేనియా రాజధాని), త్బిలిసి (జార్జియా రాజధాని) పేర్లు కనిపించడం కొత్తేమీ కాదు. పిల్లల్ని అక్కడికి పంపిన ఇళ్లల్లో, టీవీ కింద 'అర్మేనియా సరిహద్దులో కాల్పులు' అని అక్షరాలు పరుగెత్తినప్పుడల్లా వచ్చే అనుమానం ఒకటే. ఆ దేశానికి నాటోతో ఒప్పందం ఉందంటారు కదా, వాళ్లు అడ్డుపడరా? అడ్డుపడరు. ఆ ఒప్పందంలో అడ్డుపడతామన్న మాటే లేదు. పైగా అదే ఒప్పందం మీద అవతలి దేశం అజర్‌బైజాన్ కూడా సంతకం పెట్టింది, అదీ ఐదు నెలలు ముందుగా.

అర్మేనియా ఎంత దేశమో మన కొలతల్లో చెప్పుకుంటే తేలిక. 2022 విభజనకు ముందున్న నెల్లూరు, ప్రకాశం జిల్లాలను కలిపితే సుమారు 30,700 చదరపు కిలోమీటర్లు. అర్మేనియా మొత్తం 29,743. జనాభా 29 లక్షల పైచిలుకు, అంటే 2011 లెక్కల్లో ఒక్క నెల్లూరు జిల్లా జనంతో సమానం. చుట్టూ నాలుగు దేశాలున్నా తెరిచి ఉన్న తలుపులు రెండే: ఉత్తరాన జార్జియా, దక్షిణాన ఇరాన్. పడమటి సరిహద్దును టర్కీ 1993లో మూసేసింది. తూర్పున ఉన్న అజర్‌బైజాన్‌తో సరిహద్దు యుద్ధం వల్ల మూతపడింది. 2025 జూన్‌లో ఇరాన్ మీద బాంబులు పడుతున్నప్పుడు ఉర్మియాలో చదువుతున్న 110 మంది భారతీయ విద్యార్థులు ఆ దక్షిణపు తలుపు గుండానే యెరెవాన్ చేరి, అక్కడి నుంచి ఢిల్లీ విమానం ఎక్కారు.

అజర్‌బైజాన్ దీనికి మూడింతలు పెద్దది. రాజధాని బాకూ, కోటి జనాభా, కాస్పియన్ తీరాన చమురు, గ్యాసు. రెండింటి తగవుకు మూలమైన నగోర్నో కరాబాఖ్ సోవియట్ కాలంలో అజర్‌బైజాన్ లోపల స్వయంప్రతిపత్తి ఉన్న ప్రాంతం. విస్తీర్ణం 4,400 చదరపు కిలోమీటర్లు, జనంలో ఎక్కువమంది అర్మేనియన్లు. 1988లో మొదలైన గొడవ సోవియట్ యూనియన్ కూలాక పూర్తి యుద్ధమైంది. 1994 మే 12న కాల్పుల విరమణ కుదిరే నాటికి కరాబాఖ్‌తో పాటు దాని చుట్టూ ఉన్న ఏడు జిల్లాల్లో ఎక్కువ భాగం అర్మేనియన్ బలగాల చేతిలో ఉంది.

ఆ ఏడాది జనవరిలోనే బ్రస్సెల్స్ శిఖరాగ్ర సభలో నాటో 'శాంతి కోసం భాగస్వామ్యం' అనే పథకం పెట్టింది. పాత సోవియట్ దేశాలను సభ్యులుగా చేర్చుకోకుండానే దగ్గరకు తీసుకునే ఉపాయం అది. అజర్‌బైజాన్ మే 4న సంతకం చేసింది. కాల్పుల విరమణకు అప్పటికింకా ఎనిమిది రోజులుంది. అర్మేనియా అక్టోబరు 5న చేసింది. చట్రం లాంటి ఆ పత్రం అందరికీ ఒకటే. అందులో ఇతర దేశాల ప్రాదేశిక సమగ్రత మీద బలప్రయోగానికి దిగబోమన్న హామీ ఉంది. తనకు ప్రత్యక్షంగా ముప్పుందని భావించిన భాగస్వామితో నాటో 'సంప్రదిస్తుంది' అన్న వాక్యమూ ఉంది. సంప్రదించడమే, సైన్యం పంపడం కాదు. ఒకరి మీద దాడిని అందరి మీద దాడిగా చూసే ఐదో ఆర్టికల్ సభ్య దేశాలకు మాత్రమే వర్తిస్తుంది. హామీ తప్పిన దేశానికి శిక్ష ఏమిటో పత్రంలో ఎక్కడా లేదు.

సంతకం తర్వాత పని మెట్ల వారీగా సాగుతుంది. ఏయే రంగాల్లో కలిసి పనిచేస్తుందో, ఏ దళాన్ని ఇస్తుందో దేశం ఒక పత్రంలో రాసిస్తుంది. దాని మీద విడిగా కార్యక్రమం తయారవుతుంది. ఆపైన తమ దళాలను నాటో దళాలతో కలిపి నడపగలిగేలా తీర్చిదిద్దే ప్రణాళిక, సమీక్ష. అంతకంటే పై మెట్టు రక్షణ శాఖ సంస్కరణల నుంచి పౌర అత్యవసర సేవల దాకా అన్నీ చేర్చిన వ్యక్తిగత భాగస్వామ్య కార్యాచరణ ప్రణాళిక. 2005 మేలో అజర్‌బైజాన్ ఆ మెట్టు ఎక్కింది. అదే డిసెంబరులో అర్మేనియా ఎక్కింది. ఒకరు ముందు, ఒకరు వెనక అయినా ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉండేలా చూడటం నాటో అధికారులకు అలవాటైన జాగ్రత్త. పనులు కూడా ఎవరి సైనిక బలమూ పెరగని రకానివే ఎంచేవారు: శాంతి దళాల శిక్షణ, ఇంగ్లిష్ తరగతులు, పేలని మందుపాతరల ఏరివేత, సోవియట్ వాళ్లు వదిలేసిన మెలాంజ్ అనే విషపూరిత రాకెట్ ఇంధన పదార్థాన్ని నిర్వీర్యం చేయడం.

ఈ జాగ్రత్తకు కారణం నాటో లోపలే ఉంది. అక్కడ ఓటింగ్ లేదు, అంతా ఏకాభిప్రాయమే. ముసాయిదాను సభ్య దేశాలకు పంపి గడువు పెడతారు. ఆలోగా ఎవరూ నోరు విప్పకపోతే ఆమోదం పొందినట్టే. మౌనం అర్ధాంగీకారమని మనం అంటాం, అక్కడ అది పూర్తి అంగీకారం. కానీ ఒక్కరు 'అభ్యంతరం' అంటే కాగితం వెనక్కి వస్తుంది. అజర్‌బైజాన్‌ను సోదర దేశమనే టర్కీ 1952 నుంచి సభ్యురాలు. లక్షల మంది అర్మేనియన్ సంతతి ఓటర్లున్న ఫ్రాన్స్, అమెరికా కూడా సభ్యులే. ఇందులో ఏ ఒక్కరికి నచ్చకపోయినా వాక్యం మారాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకే ముప్పై ఏళ్లపాటు కరాబాఖ్ మీద నాటో ప్రకటనలు ఒకే అచ్చులో పోసినట్టు వచ్చాయి: ఇది మా పని కాదు, మధ్యవర్తిత్వం మిన్స్క్ బృందానిది. ఐరోపా భద్రత, సహకార సంస్థ ఏర్పాటు చేసిన ఆ బృందానికి 1997 నుంచి రష్యా, ఫ్రాన్స్, అమెరికా సహాధ్యక్షులు.

మరోపక్క అర్మేనియా కాళ్లకు ఇంకో తాడుంది. 1992లో తాష్కెంట్‌లో కుదిరిన సామూహిక భద్రతా ఒప్పందంలో అది రష్యా జట్టు. అర్మేనియాలోని గ్యూమ్రిలో రష్యా 102వ సైనిక స్థావరం ఉంది. 2010లో ఆ స్థావరం ఒప్పందాన్ని 2044 దాకా పొడిగించారు. అజర్‌బైజాన్ కూడా ఆ జట్టులో చేరి, 1999లో బయటికొచ్చేసింది. ఆ లెక్కన యెరెవాన్‌కు నాటో రెండో కిటికీ అయితే, బాకూకు అది సభ్యత్వానికి మొదటి మెట్టు అనిపించాలి. అయితే బాకూ కూడా సభ్యత్వం అడగలేదు. మాస్కోకు కోపం తెప్పించకుండా, టర్కీ రాజధాని అంకారా ద్వారా కావలసింది తెచ్చుకోవడమే దానికి లాభసాటి.

సైనికులను పంపే విషయంలోనూ ఇదే పోటీ. నాటో శాంతి దళం పనిచేస్తున్న కొసావోకు అజర్‌బైజాన్ 1999లో టర్కీ బెటాలియన్‌తో కలిసి ప్లటూన్ అనే చిన్న దళాన్ని పంపింది. అర్మేనియా 2004లో గ్రీకు దళంతో కలిసి 34 మందిని పంపింది. ఎవరెవరి చెయ్యి పట్టుకుని వెళ్లారో చూడండి. 2008లో కొసావో సెర్బియా నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకోగానే అజర్‌బైజాన్ తన వాళ్లను వెనక్కి పిలిచింది. విడిపోయిన ప్రాంతాన్ని కాపాడే పనిలో ఉంటే రేపు కరాబాఖ్ విషయంలో ఏం జవాబు చెప్పాలి? అఫ్గానిస్థాన్‌లో మాత్రం ఇద్దరూ పనిచేశారు. అజర్‌బైజాన్ 2002 నుంచి, అర్మేనియా 2010 నుంచి. అమెరికాకు బాకూ గగనతలం కావాల్సి వచ్చింది కూడా ఆ యుద్ధంతోనే. 1992 నాటి చట్టంలోని 907వ సెక్షన్ అజర్‌బైజాన్ ప్రభుత్వానికి అమెరికా సాయాన్ని నిషేధించింది. 2002 జనవరిలో బుష్ దానికి మొదటిసారి మినహాయింపు ఇచ్చారు. తర్వాత అది ఏటా జరిగే తంతయింది.

ఒకే గదిలో కూర్చోబెడితే పగ చల్లారుతుందన్న నమ్మకం 2004 ఫిబ్రవరి 19 తెల్లవారుజామున బుడాపెస్ట్‌లో చచ్చిపోయింది. శాంతి భాగస్వామ్యం కింద నాటో నడిపిన ఇంగ్లిష్ కోర్సుకు వచ్చిన అర్మేనియన్ లెఫ్టినెంట్ గుర్గెన్ మార్గర్యాన్‌ను, అదే కోర్సులో ఉన్న అజర్‌బైజాన్ అధికారి రమిల్ సఫరోవ్ హాస్టల్ గదిలో నిద్రపోతుండగా గొడ్డలితో నరికి చంపాడు. ఏడు నెలల తర్వాత, సెప్టెంబరులో, బాకూలో నాటో విన్యాసాలు జరగాలి. పథకం నియమం ప్రకారం భాగస్వాములందరికీ ఆహ్వానం ఉండాలి. అర్మేనియన్ అధికారులకు అజర్‌బైజాన్ వీసాలు ఇవ్వలేదు. నాటో విన్యాసాలనే రద్దు చేసింది. ఈ మొత్తం కథలో నాటో ఒక భాగస్వామికి గట్టిగా 'కుదరదు' అన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, వాటిలో ఇదొకటి.

హంగరీ కోర్టు 2006లో సఫరోవ్‌కు యావజ్జీవం వేసింది. 2012 ఆగస్టు 31న హంగరీ అతణ్ని మిగతా శిక్ష స్వదేశంలో అనుభవించమని అప్పగించింది. బాకూలో దిగిన రోజే అధ్యక్షుడు అలియేవ్ క్షమాభిక్ష పెట్టారు. మేజర్‌గా పదోన్నతి, ఫ్లాటు, జైల్లో ఉన్న ఏళ్లకు జీతం కూడా దక్కాయి. అర్మేనియా హంగరీతో దౌత్య సంబంధాలు తెంచేసుకుంది. తిరిగి కలుపుకోవడానికి పదేళ్లు పట్టింది. హంగరీ నాటో సభ్యురాలు, హతుడూ హంతకుడూ నాటో భాగస్వాముల అధికారులు, చంపింది నాటో కోర్సులో. అంత జరిగినా సెక్రటరీ జనరల్ రాస్ముసెన్ వారం తిరక్కుండా యెరెవాన్, బాకూ రెండు చోట్లకూ వెళ్లి ఆందోళన వ్యక్తం చేశారు, ఇలాంటి నేరాన్ని ఘనకార్యంగా చూపకూడదన్నారు. అంతకు మించి చర్య లేదు. 2020 మేలో ఐరోపా మానవ హక్కుల కోర్టు అజర్‌బైజాన్‌ను తప్పుపట్టింది.

దౌత్యంలో అసలు గొడవ మాటల మీదే. అజర్‌బైజాన్‌కు కావలసిన మాట 'ప్రాదేశిక సమగ్రత'. అర్మేనియాకు కావలసింది 'ప్రజల స్వయంనిర్ణయ హక్కు'. 1975 హెల్సింకీ ఒడంబడికలో రెండూ ఉన్నాయి, బలప్రయోగం కూడదన్న సూత్రంతో సహా. మిన్స్క్ బృందం మూడింటినీ కలిపి చెప్పేది. నాటో 2010 లిస్బన్ శిఖరాగ్ర సభ ప్రకటనలో మాత్రం అర్మేనియా, అజర్‌బైజాన్, జార్జియా, మోల్డోవాల ప్రాదేశిక సమగ్రతను సమర్థిస్తున్నామని ఒకే వాక్యంలో రాసింది. చూడటానికి నలుగురికీ సమాన మర్యాద. కానీ అర్మేనియా భూభాగంలో చెప్పుకోదగ్గ భాగం ఏదీ అప్పుడు ఇతరుల చేతిలో లేదు. ఆ వాక్యంతో లాభం మిగతా ముగ్గురికే. అర్మేనియా అధ్యక్షుడు సర్గ్‌స్యాన్ లిస్బన్‌కు వెళ్లలేదు. 2012లో షికాగోకూ వెళ్లలేదు, మంత్రులను పంపారు. అక్కడా అదే వాక్యం వచ్చింది. కోపం ఉన్నా సంబంధం తెంచుకోకుండా కుర్చీని మంత్రితో నింపడం చిన్న దేశాలు వాడే పద్ధతే.

ఇలాంటి హామీల విలువ మన దేశానికి ముందే తెలుసు. 1954 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ నెహ్రూకు లేఖ రాస్తూ, పాకిస్థాన్‌కు ఇచ్చే ఆయుధాలను దురాక్రమణకు వాడితే అడ్డుకునే చర్య తీసుకుంటామని భరోసా ఇచ్చారు. 1965 యుద్ధంలో పంజాబ్‌లోని ఖేమ్‌కరన్ పొలాల్లో ఆగిపోయిన పాకిస్థాన్ ప్యాటన్ ట్యాంకులు, అమెరికా ఇచ్చినవే, ఆ లేఖకు జవాబు.

2020 సెప్టెంబరు 27న మొదలై 44 రోజులు సాగిన యుద్ధంలో సమాన దూరం అన్న మాటకు అర్థం పోయింది. టర్కీ బైరక్తార్ టీబీ2 డ్రోన్లు అర్మేనియన్ ట్యాంకులను, గగనతల రక్షణ వాహనాలను వెతికి కొట్టాయి. ఆ డ్రోన్ల కింద ఉండే కెమెరా కెనడాలో తయారైనది. కెనడా అక్టోబరులో ఆ ఎగుమతులను నిలిపివేసింది. అంటే ఒక సభ్య దేశం మరో సభ్య దేశాన్ని శిక్షించింది, కూటమిగా నాటో మాత్రం ఏమీ అనలేదు. అక్టోబరు 5న అంకారాలో నాటో అప్పటి సెక్రటరీ జనరల్ స్టోల్టెన్‌బర్గ్ చెప్పిందల్లా, ఉద్రిక్తత తగ్గించడానికి టర్కీ తన పలుకుబడిని వాడుతుందని ఆశిస్తున్నామనే. నవంబరు 10న యుద్ధం ఆగింది, మధ్యవర్తి రష్యా. మరుసటి ఏడాది జూన్‌లో టర్కీ, అజర్‌బైజాన్ కరాబాఖ్‌లోని షుషాలో చేసిన ప్రకటనలో, ఎవరి మీదైనా దాడి జరిగితే పరస్పరం సాయం చేసుకుంటామని రాసుకున్నాయి. ముప్పై ఏళ్ల భాగస్వామ్య పత్రాల్లో దొరకని హామీ ఇద్దరు ఇరుగుపొరుగుల మధ్య ఒక్క సంతకంతో వచ్చింది.

అర్మేనియా హామీ మాస్కోలో ఉంది. 2022 సెప్టెంబరులో అజర్‌బైజాన్ అర్మేనియా సొంత భూభాగం మీదే దాడి చేసినప్పుడు ఆ హామీని అడిగారు. సామూహిక భద్రతా ఒప్పంద సంస్థ పరిశీలకులను పంపింది, సైన్యాన్ని కాదు. నవంబరు శిఖరాగ్ర సభ యెరెవాన్‌లోనే జరిగినా తుది ప్రకటన మీద అర్మేనియా ప్రధాని పషిన్యాన్ సంతకం పెట్టలేదు. ఆయుధాల కోసం భారత్ వైపు కూడా చూశారు, పినాకా రాకెట్ లాంచర్లు అలా వెళ్లినవే. 2023 సెప్టెంబరులో 85 మంది అమెరికా సైనికులతో చిన్న విన్యాసం జరిగింది. అది నడుస్తుండగానే 19న కరాబాఖ్ మీద అజర్‌బైజాన్ దాడి మొదలుపెట్టి ఒక్కరోజులో ముగించింది. లక్ష మందికి పైగా అర్మేనియన్లు ఊళ్లు వదిలి వెళ్లిపోయారు. 2024 ఫిబ్రవరిలో పషిన్యాన్ రష్యా కూటమిలో తమ పాత్రను స్తంభింపజేశామన్నారు. మార్చిలో స్టోల్టెన్‌బర్గ్ వచ్చారు: 17న బాకూ, 18న త్బిలిసి, 19న యెరెవాన్. వరుసలోనూ తూకమే.

కరాబాఖ్ లేకపోయాక మిన్స్క్ బృందానికి పని లేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. 2025 సెప్టెంబరు 1న దాన్ని మూసేయాలని తీర్మానం అయింది. దానికి ముందు రోజే, అప్పటిదాకా అర్మేనియాను దేశంగానే గుర్తించని పాకిస్థాన్ ఆ దేశంతో దౌత్య సంబంధాలు పెట్టుకుంది.

అంతకు ముందు, 2025 ఆగస్టు 8న వాషింగ్టన్‌లో శాంతి ఒప్పందం మీద రెండు దేశాల విదేశాంగ మంత్రులు పెట్టింది పొడి అక్షరాలే, పూర్తి సంతకం కాదు. అర్మేనియా రాజ్యాంగ పీఠికలో స్వాతంత్ర్య ప్రకటన ప్రస్తావన ఉంది, ఆ ప్రకటనలో కరాబాఖ్ విలీనం మాట ఉంది, అది తీసేస్తేనే సంతకమని బాకూ పట్టు. రాజ్యాంగం మార్చాలంటే అర్మేనియాలో ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. శాంతి ఒప్పందంతో పాటు వాషింగ్టన్‌లో ఒప్పుకున్న రవాణా మార్గం అర్మేనియా దక్షిణపు కొస గుండా అజర్‌బైజాన్‌ను దాని విడిముక్క నఖిచెవాన్‌తో కలుపుతుంది. పొడవు సుమారు 43 కిలోమీటర్లు, ఇంచుమించు నెల్లూరు నుంచి గూడూరు అంత. దాని అభివృద్ధి హక్కు అమెరికాది, భూమి మీద సార్వభౌమత్వం అర్మేనియాది, పక్కనే కంచె అవతల ఇరాన్. నాటో పేరు ఆ ఏర్పాట్లలో లేదు.