మీరే ఫోన్ చేయండి

పదో తరగతి పిల్లలకు మాస్టారి ఆశీస్సులు.

మొన్న నేను బడికి వచ్చినప్పుడు మీలో ఒకమ్మాయి అడిగింది. "రోడ్డు మీద ఎవరైనా పడిపోతే ముట్టుకోవచ్చా మాస్టారూ? కేసులో ఇరుక్కుంటామంట కదా!" అని. అంతలో బెల్లు కొట్టారు. ఆ ప్రశ్న నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం బస్సులో ఇంటికి వస్తున్నాను. హైవే మీద బస్సు ఆగింది. దిగి చూస్తే పాలు పోసే ఆయనొకడు సైకిల్‌తో సహా రోడ్డు వారన పడి ఉన్నాడు. గుద్దిన లారీ వెళ్లిపోయింది. క్యాన్లు ఒరిగి పాలు మట్టిలోకి పారుతున్నాయి. చుట్టూ ముప్పై మందిమి దాకా ఉన్నాం. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి, మా మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. "పోలీసు కేసు, ముట్టుకోకండి" అన్నారెవరో. కండక్టర్ విజిల్ వేశాడు. నేను ఎక్కి కూర్చున్నాను.

ఆయన బతికాడో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

అక్కడున్న వాళ్లెవరూ రాతిగుండె వాళ్లు కారు. పక్కవాడు చూసుకుంటాడులే అని ప్రతివాడూ అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. నేనొక్కడినే ఉండుంటే బహుశా ఆగేవాణ్ని.

అప్పటి భయానికి కొంత కారణం ఉండేది. ఇప్పుడది లేదు. సాయం చేసినవాళ్లను వేధించకూడదంటూ తయారైన మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు ఆమోదముద్ర వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో, ప్రతిఫలం ఆశించకుండా గాయపడ్డవాళ్లను కాపాడబోయిన మనిషి మీద కేసు పెట్టడానికి వీల్లేదు. పేరు చెప్పమని పోలీసులు బలవంతం చేయకూడదు. డబ్బు కట్టమని ఆసుపత్రి వాళ్లు మిమ్మల్ని ఆపకూడదు. ఈ సంగతి ఇంట్లో అమ్మానాన్నలకూ చెప్పండి. "మనకెందుకురా" అనే మాట ముందు వచ్చేది వాళ్ల నోటి నుంచే, అదీ మీ మీద ప్రేమతోనే.

ముందు 108కి ఫోన్ చేయండి. ఆ సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలైంది. ఎవరో చేసే ఉంటారని అనుకోవద్దు, మీరే చేయండి. రెండుసార్లు ఫోన్ వెళ్తే నష్టమేమీ లేదు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి, చూద్దామని మాటిమాటికీ తీయకండి. మనవాళ్లు ముందు మంచినీళ్లు తెస్తారు. స్పృహ సరిగా లేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, పట్టనివ్వకండి. కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో పడేయడం కూడా ప్రమాదమే. మెడకో వెన్నుకో దెబ్బ తగిలి ఉంటే అది ఇంకా ముదురుతుంది. మంట లాంటి ఇంకో ముప్పు లేకపోతే అంబులెన్స్ వచ్చేదాకా కదిలించకండి. పక్కన కూర్చుని, "వస్తున్నారు, నేను ఇక్కడే ఉన్నాను" అని చెబుతూ ఉండండి. ఆ మాట ఆ రోజు ఆయనకు ఎవరూ చెప్పలేదు. వీడియోలు మాత్రం తీయకండి నాయనా.

ఇంకొక్క మాట. మీలో కొందరు నాన్న బండి మీద ముగ్గురేసి ఎక్కి ట్యూషన్‌కి వెళ్లడం చూశాను. లైసెన్సు లేని పిల్లలు బండితో ప్రమాదం చేస్తే, ఇచ్చిన పెద్దవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. కానీ నా బాధ జరిమానా గురించి కాదు. మీ బండి కింద కూడా ఒక పాలాయన పడొచ్చు.

ఫోన్ చేసినప్పుడు అవతలివాళ్లు మొదట అడిగేది ఎక్కడున్నారనే. గాభరాలో చోటు పేరు నోటికి రాదు. బడి గేటుకి ఎదురుగా హైవే మీద కిలోమీటరు రాయి ఉంది. రోజూ దాని పక్కనుంచే వెళ్తారు. దాని మీద ఏ అంకె ఉందో చూసి, నాకు జవాబు రాసేటప్పుడు ఉత్తరం పైన వేయండి.

మీ
పాత లెక్కల మాస్టారు