దోషంబేలో చంద్రుడు లేడు

తజికిస్తాన్ రాజధాని పేరు దుషాంబే. తజికులు మాట్లాడేది పర్షియన్‌లో ఒక రూపమే, అందులో ఆ మాటకి అర్థం సోమవారం. ఒకప్పుడు అక్కడ సోమవారం సోమవారం సంత జరిగేది, ఊరికి ఆ పేరే స్థిరపడిపోయింది. 1929లో స్టాలిన్ పేరు మీద స్టాలినాబాద్‌గా మార్చారు, 1961లో మళ్ళీ పాత పేరే పెట్టారు. హైదరాబాద్‌లో గురువారం అంగడి జరిగే జుమ్మేరాత్ బజార్ తెలిసినవాళ్ళకి ఇదేమీ వింతగా అనిపించదు.

మన సోమవారంలో సోముడున్నాడు, ఇంగ్లీషు మండేలో మూన్ ఉంది. పర్షియన్ సోమవారంలో మాత్రం చంద్రుడి జాడే లేదు, ఉన్నదల్లా రెండు అనే అంకె. షంబే అంటే శనివారం. దాని తర్వాత యెక్‌షంబే, దోషంబే (తజికుల నోట దుషాంబే), సెషంబే, చహార్‌షంబే, పంజ్‌షంబే. కాస్త హిందీనో ఉర్దూనో చెవిన పడ్డవాళ్ళెవరైనా ఈ అంకెల్ని ఇట్టే పోల్చుకుంటారు. షంబే తర్వాత ఆరో రోజైన శుక్రవారానికి అంకె తగిలించలేదు. అది జొమె, అంటే జనం ప్రార్థనకి ఒకచోట చేరే రోజు. ఆ మాట అరబ్బీ నుంచి వచ్చింది.

షంబే కూడా పర్షియన్ల సొంత మాట కాదు. యూదులు పని మానేసి విశ్రాంతి తీసుకునే సబ్బాతు రోజే అరామిక్ భాష మీదుగా ఇరాన్ చేరి షంబే అయింది. సబ్బాతు నుంచి లెక్కపెట్టుకుంటూ పోవడం కూడా యూదుల పద్ధతే, సిరియా క్రైస్తవులూ అలాగే లెక్కపెట్టేవారు. అసలు మాటలో లేని 'మ'కారం మధ్యలో ఎక్కడో వచ్చి చేరింది. అదే 'మ'కారం జర్మన్ల జామ్‌స్టాగ్‌లో, ఫ్రెంచివాళ్ళ సామ్దీలో, హంగేరియన్ల సొంబత్‌లో కూడా వినిపిస్తుంది. ఇవన్నీ శనివారానికి పేర్లే, అన్నీ సబ్బాతు పిల్లలే.

ఇరాన్‌కి మొదట్లో వారమే లేదు. ఇస్లాంకి ముందు అక్కడున్న జొరాస్ట్రియన్ మతస్థుల పంచాంగంలో నెలకి 30 రోజులు, ఒక్కో రోజుకీ ఒక్కో దైవం పేరు. రోజు పేరూ నెల పేరూ కలిస్తే ఆ రోజు పండుగ. మెహ్ర్ నెల పదహారో రోజు పేరు కూడా మెహ్రే, అందుకే ఆ రోజు మెహ్రెగాన్. మన దగ్గరా పాతకాలంలో తిథి, నక్షత్రమే గానీ వారం ఊసు లేదు. అశోకుడి శాసనాల్లో తిష్య, పునర్వసు నక్షత్రాలు కనిపిస్తాయి, వారాలు కనిపించవు. మన శాసనాల్లో వారం పేరు తొలిసారి కనిపించేది మధ్యప్రదేశ్‌లోని ఎరణ్‌లో, గుప్తరాజు బుధగుప్తుడి కాలంలో, క్రీ.శ. 484లో. అది గురువారం.

అలా మన దగ్గరికొచ్చిన వారం గ్రహాల వారం. ఇంగ్లీషువాళ్ళదీ అదే. ఆదివారం తర్వాత సోమవారమే ఎందుకు రావాలి, బుధవారం ఎందుకు రాకూడదు అన్న ప్రశ్నకి జవాబు హోరల లెక్కలో ఉంది. మెల్లగా కదిలే గ్రహం నుంచి వేగంగా కదిలే గ్రహం దాకా వరస పెడితే శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర. రోజుకి 24 హోరలు, ఒక్కో హోరకి వరసలో ఒక్కో గ్రహం అధిపతి. మొదటి హోర ఎవరిదో రోజు వాళ్ళది. శనివారం మొదటి హోర శనిది, 8, 15, 22 కూడా శనివే. 23 గురుడిది, 24 కుజుడిది. మర్నాడు పొద్దున మొదటి హోర రవిది, కాబట్టి ఆదివారం. ఇదే లెక్క ఇంకో రోజుకి వేస్తే సోమవారం వస్తుంది. ఆర్యభటుడు దీన్ని ఒక్క శ్లోకంలో చెప్పేశాడు: వరసలో నాలుగోవాడు మర్నాటి అధిపతి. హోర అన్న మాట గ్రీకుది. పద్ధతి ఎటునుంచి వచ్చిందో ఆ మాటే చెబుతోంది.

ఇదే వారం రోమన్ల ద్వారా ఉత్తర యూరప్‌కి వెళ్ళినప్పుడు, అక్కడి జర్మానిక్ జాతులు రోమన్ దేవుళ్ళని తీసేసి తమవాళ్ళని కూర్చోబెట్టుకున్నాయి. మార్స్ స్థానంలో టీవ్, మెర్క్యురీ స్థానంలో వోడెన్, జూపిటర్ స్థానంలో పిడుగుల దేవుడు థునోర్, వీనస్ స్థానంలో ఫ్రిగ్. ట్యూస్‌డే నుంచి ఫ్రైడే దాకా ఉన్నది వీళ్ళే. మనవాళ్ళతో పక్కపక్కన పెడితే భలే తమాషాగా ఉంటుంది. గురువారం మనకి శాంతమూర్తి బృహస్పతిది, వాళ్ళకి సుత్తి పట్టుకుని తిరిగేవాడిది. గుణాలు చూస్తే థునోర్‌కి జోడీ ఇంద్రుడే, కానీ ఇంద్రుడికి మన వారంలో చోటు దొరకలేదు. శుక్రవారం అక్కడ దేవతది, ఇక్కడ రాక్షస గురువుది. అయినా ఆ రోజు మనం పూజించేది లక్ష్మీదేవినే అనుకోండి. శాటర్న్‌కి సరిజోడు ఎవరూ దొరకలేదో ఏమో, ఆయన్ని మాత్రం రోమన్ పేరుతోనే శాటర్‌డేలో ఉంచేశారు.

క్రైస్తవ మతపెద్దలకి ఈ పాత దేవుళ్ళ పేర్లు నచ్చలేదు. పోర్చుగల్‌లో సోమవారం నుంచి శుక్రవారం దాకా అంకెల పేర్లే నిలిచాయి. ఐస్‌లాండ్‌లోనూ టీవ్, థోర్‌ల (థునోర్‌నే అక్కడ థోర్ అంటారు) పేర్లు పోయి మంగళవారం మూడో రోజు, గురువారం ఐదో రోజు అయ్యాయి. దాన్ని 12వ శతాబ్దపు బిషప్ యోన్ చేయించాడని చెబుతారు. ఇంగ్లీషు మాత్రం మారలేదు. చర్చికి వెళ్ళే రోజుని ఇప్పటికీ సూర్యుడి పేరుతోనే పిలుస్తోంది.

పర్షియన్లు అంకెలతో లెక్కపెట్టారంటే వాళ్ళకి గ్రహాల వారం తెలియదని కాదు. 12వ శతాబ్దం చివర్లో పర్షియన్ కవి నిజామీ రాసిన 'హఫ్త్ పైకర్' కావ్యంలో బహ్రామ్ రాజు ఏడు రోజులూ ఏడు గోపురాల కింద ఏడుగురు రాకుమార్తెల దగ్గర కథలు వింటాడు. ఒక్కో గోపురానికీ ఆ రోజు గ్రహం రంగు. మంగళవారం ఎరుపు, శనివారం నలుపు, ఈ రెండూ మన నవగ్రహాల రంగులే. బుధుడి దగ్గర మాత్రం తేడా వచ్చింది: మనం ఆకుపచ్చ అంటాం, నిజామీ ఫిరోజా (టర్కాయిస్) రంగు వేశాడు. నల్ల గోపురంలో శనివారం కథ చెప్పే రాకుమార్తెది హిందూదేశం.