ఖాకీ కోపం: కొన్ని అపోహలు, వాస్తవాలు

కర్నూలు జిల్లాలో ఎస్సైగా, తర్వాత సీఐగా పనిచేసి రిటైరయ్యాను. పోలీసుల కోపం గురించి పెళ్లిళ్లలో, రచ్చబండల దగ్గర వినే మాటల్లో సగం అపోహలే. మిగతా సగం మేము స్వయంగా సంపాదించుకున్న పేరు.

అపోహ: దూకుడు స్వభావం ఉన్నవాళ్లే పోలీసుల్లో చేరతారు.

నాకు తెలిసిన కానిస్టేబుళ్లలో ఎక్కువమంది వేరుశనగ పంటను నమ్ముకోలేక నెల జీతం కోసం వచ్చినవాళ్లు. దూకుడు చాలావరకు తర్వాత పడే అలవాటు. ఒకరోజు తెల్లవారుజామున హైవే మీద ప్రమాదంలో పోయిన పసిబిడ్డకు శవపంచనామా రాయించి, నిద్ర లేకుండానే స్టేషన్‌కు వచ్చాను. గొర్రె పోయిందని ఒక తాత గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నోటికొచ్చినట్లు కసిరాను. ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆ తిట్లు ఆయనవి కావు, హైవే మీదివి. అప్పటినుంచి ఘటనాస్థలం నుంచి వస్తే నేరుగా లోపలికి వెళ్లలేదు. వేపచెట్టు కింద ముఖం కడుక్కుని, చూసినదంతా స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్‌కు చెప్పాకే కుర్చీలో కూర్చునేవాణ్ణి.

అపోహ: కోపాన్ని ఎక్కడో ఒకచోట కక్కేస్తే చల్లారుతుంది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగం దీనికి విరుద్ధంగా తేల్చింది. తమను రెచ్చగొట్టిన మనిషిని తలుచుకుంటూ గుద్దుల సంచిని బాదినవాళ్లలో, ఊరికే కూర్చున్నవాళ్లకన్నా కోపం ఎక్కువగా కనిపించింది.

అపోహ: అయితే దిగమింగడమే నిగ్రహం.

అదీ కాదు. ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా బిగబట్టుకున్నవాళ్లకు ఆ సమయంలో విన్న వివరాలు తక్కువగా గుర్తుంటాయని 2000లో వెలువడిన పరిశోధన ఒకటి చెప్పింది. కేసు డైరీ రాసేవాడికి ఇది చిన్న నష్టం కాదు.

అపోహ: లాఠీ ఆడకపోతే నిజం బయటికి రాదు.

పోలీసు ముందు చేసిన నేరాంగీకారం నిందితుడి మీద రుజువుగా చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో ఇది 25వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 23వది. అతని మాటను బట్టి దొరికిన వస్తువు సంగతి వేరు. ఇది తెలిసీ కొట్టేవాళ్లను చూశాను; వాళ్లకు కావలసింది నిజం కాదు.

అపోహ: గట్టి పోలీసు అంటే ముందుగా లాఠీ ఎత్తేవాడు.

హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి బన్ని ఉత్సవానికి బందోబస్తు చేసినవాళ్లెవరూ ఈ మాట అనరు. ఉత్సవమూర్తుల కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడతాయి. తలలు పగిలినా పసుపు అద్దుకుని మళ్లీ కర్ర ఎత్తుతారు. ఆ దివిటీల వెలుగులో ఒక్క కానిస్టేబుల్ రెచ్చిపోతే కర్రలన్నీ ఇటు తిరుగుతాయి. అందుకే ముందు వరుసకు నేను కండబలం చూసి మనుషులను ఎంచలేదు. ముందురోజు రాత్రి ఎవరు నిద్రపోయారో అడిగేవాణ్ణి. ఇంట్లో గొడవపడి వచ్చినవాణ్ణి వైర్‌లెస్ దగ్గర కూర్చోబెట్టేవాణ్ణి. ఒకడు అలిగాడు కూడా, తనను పిరికివాడిగా జమకట్టానని. మరుసటి సంవత్సరం తనే వచ్చి, “సార్, ఈసారి కూడా వైర్‌లెస్ దగ్గరే వేయండి, రెండు రాత్రులుగా నిద్ర లేదు” అన్నాడు.